తువ్వాళ్ళ తూకం

మా ధాన్య నిల్వల సంస్థలో మనిషి చేసిన పనిని ఇకమీదట బస్తాలతో కాకుండా చెమటతో కొలవాలని ఉత్తర్వు వచ్చిన రోజున, నేను గేటు దగ్గర కుర్చీలో కూర్చుని చెమటలు కారుస్తున్నాను. పని ఏమీ చేయడం లేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే తర్వాత నాకు శాలువా కప్పారు.

ఉత్తర్వు ఇచ్చినది కొత్తగా వచ్చిన ఎం.డి. చిద్విలాస్ గారు. ఆయన ఏదో చలి దేశంలో శిక్షణ పొంది వచ్చారు. అక్కడ మనుషులు డబ్బిచ్చి మరీ ఒక వేడి గదిలో దూరి, తలుపులు బిగించుకుని చెమట పట్టించుకుంటారట. ఇక్కడ రైలు దిగి మా హమాలీల వీపులు చూడగానే ఆయనకి గుండె తరుక్కుపోయిందట. "ఇంత సంపద లెక్కా జమా లేకుండా నేలపాలవుతోందా!" అన్నారట. మా గిడ్డంగి మేనేజరు పేర్రాజు గారు ఆ ఉత్తర్వుని మా అందరినీ నిలబెట్టి చదివారు.

"బస్తా అనునది మోసపూరితమైన కొలమానము. ఒకటి నిండుగా ఉండును, ఒకటి చిరిగి ఉండును, వేరొకటి మూషికములచే భక్షింపబడి ఉండును. చెమట అట్లు కాదు. అది శ్రమకు ప్రత్యక్ష సాక్ష్యము. కావున ప్రతి కార్మికునికి ఉదయము ఒక పొడి తువ్వాలు తూచి ఇవ్వబడును. సాయంత్రము అదే తువ్వాలు మరల తూచబడును. పెరిగిన బరువే అతడు చేసిన పని."

బస్తాలు తూచే కాటా మీద తువ్వాలు బరువు తెలియదు కాబట్టి, బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న కాటా ఒకటి గాజుపెట్టెతో సహా తెప్పించారు. బస్తాల కాటా విరిగిపోయి చాలా కాలమైంది. దాన్ని బాగుచేయించమని రైతులు గేటు దగ్గర గొంతు చించుకుంటూనే ఉన్నారు. దానికి నిధులు లేవు.

చదవడం అయ్యాక లోవరాజు చెయ్యెత్తాడు. లోవరాజు మా ముఠాలోకెల్లా పాత హమాలీ. ఎండుచేపలా ఉంటాడు గానీ బస్తా భుజానికెత్తితే లారీ ఖాళీ అయ్యేదాకా ఆగడు.

"మరి తమరికి తువ్వాలు లేదేటండి?"

"అధికారులది మేధో స్వేదం లోవరాజూ. అది లోపలికి పడుతుంది."

"లోపలికి పడి ఎక్కడికెల్తాదండి?"

"ఫైళ్ళలోకి," అన్నారు పేర్రాజు గారు, ఏసీ గది తలుపు తీసుకుని లోపలికి వెళ్తూ.

నా చెమట సంగతి కూడా చెప్పాలి. నేను అయిదో తరగతితో చదువుకి దణ్ణం పెట్టి, ఆ మర్నాటి నుంచీ ఈ సంస్థలోనే బస్తాలు మోశాను. ధాన్యం దుమ్మూ, పురుగులు చావడానికి కొట్టే మందూ కలిపి పీల్చాను. పురుగులు చచ్చాయో లేదో నాకు తెలియదు. నా ఊపిరితిత్తులు మాత్రం సగం చచ్చాయి. ఆస్పత్రి కాగితాలు తీసుకెళ్తే, "మీ వ్యాధికిని సంస్థకును ఎట్టి సంబంధము లేదు" అని జవాబు ఇచ్చి, దయతలచి గేటు దగ్గర కుర్చీ వేశారు. ఇన్నేళ్ళయినా నేను కాంట్రాక్టు మనిషినే. ఆ కుర్చీ కూడా కాంట్రాక్టుదే, దానికి మూడు కాళ్ళే గట్టివి.

పెద్దాస్పత్రిలో డాక్టరు నళిని గారు స్టెరాయిడ్ మాత్రలు రాశారు. చిన్న తెల్ల మాత్రలు, చూడ్డానికి అమాయకంగా ఉంటాయి. వాటితో ఊపిరి ఆడింది. దానితో పాటు ముఖం బూరెలా పొంగింది, రావణాసురుడి ఆకలి పట్టుకుంది, ఇక చెమట. అది చెమటలా ఉండేది కాదు. ఎవరో నా నెత్తి మీద కుళాయి విప్పి మర్చిపోయినట్టు ఉండేది. పౌడరు రాస్తే పిండి ముద్దయ్యేది. ఫోను పట్టుకుంటే వేళ్ళ తడికి దానంతటదే ఎవరెవరికో కలిసేది. పరుపు పాడవుతుందని మా ఆవిడ పాపాయమ్మ పాత పేపర్లు పరిచి పడుకోబెట్టేది. తెల్లారి లేస్తే వీపు మీద అచ్చు దిగి ఉండేది.

"కదలకయ్యా, కన్యారాశి సగమే వచ్చింది," అని అద్దం పట్టుకుని చదువుకునేది. ఆమెది కన్యారాశి.

నూలు బనీన్లు నాలుగు కొంది. పూటకొకటి మార్చమంది. గేటు దగ్గరికి వచ్చే పెద్దమనుషులు నన్ను చూసి ముక్కు మూసుకునేవారు. "ప్రజాసంబంధాల దృష్ట్యా నువ్వు కొంచెం గోడ వెనక్కి కూర్చో పోతురాజూ," అని పేర్రాజు గారే నా కుర్చీ వెనక్కి జరిపించారు. ఇదంతా తువ్వాళ్ళు రాకముందు.

మొదటి రోజు సాయంత్రం కాటా చుట్టూ అందరం మూగాం. పేర్రాజు గారు గాజుపెట్టె తలుపు తీసి నా తువ్వాలు వేశారు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వేసినా నీళ్ళు కారి ఆయన బూటు మీద పడ్డాయి. కాటా ముల్లు తన శక్తి కొద్దీ పైకి ఎగబాకి అక్కడే ఆగిపోయింది.

"అద్భుతం!" అన్నారాయన, బూటు దులుపుకోవడం మర్చిపోయి.

తర్వాత లోవరాజు. వాడు ఆ రోజు ఎర్రటెండలో రెండు లారీలు దించాడు. తువ్వాలు తలపాగా చుట్టుకుని మోశాడు. పొద్దున ఇచ్చినప్పుడు తువ్వాలుకి కాస్త గంజి తేమ ఉంది కాబోలు, ఎండకి అది కూడా ఆరిపోయి, ఇచ్చినప్పటి కంటే తక్కువ తూగింది. పేర్రాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది రుణాత్మక శ్రమ. అంటే ఇవాళ నువ్వు పని చేయకపోవడమే కాదు, ఉన్న పనిని తగ్గించావు."

"రెండు లారీలు దించానండి బాబూ!"

"లారీల ఊసు ఎత్తకు. నీ శ్రమ ఎక్కడికి పోయిందో చెప్పు."

"ఎండకి ఆరిపోయిందండి."

"సంస్థ శ్రమని ఎండబెట్టే అధికారం నీకెవరిచ్చారు?"

లోవరాజు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. నేల మీద నా చుట్టూ చిన్న మడుగు కట్టి ఉంది.

వారం తిరగకుండా చిద్విలాస్ గారే స్వయంగా దిగారు. కారు గేటు దగ్గర ఆపించి, గోడ వెనక ఉన్న నా కుర్చీని బయటికి తెప్పించి, చుట్టూ ఒకసారి నడిచారు. సంతలో గేదెని చూసేవాళ్ళు అలా నడుస్తారు.

"కూర్చునే ఇంత పని ఎలా చేయగలుగుతున్నారు?"

"నేనేం చేయటం లేదండయ్యా. ఇది మాత్రల వల్ల వచ్చే బాధండి."

"వినయం!" అన్నారాయన పేర్రాజు గారితో. "ప్రతిభావంతుల లక్షణం." మళ్ళీ నా వైపు తిరిగి, "ఏం మాత్రలు?" అన్నారు.

చెప్పాను. చెప్పి ఉండకూడదు. ఆయన కళ్ళు మెరిశాయి. ఆ సాయంత్రమే సభ పెట్టి నాకు శాలువా కప్పారు. శాలువా కప్పడంతో చెమట ఇంకా ఎక్కువ పోసింది. దాన్ని కూడా తూచారు. నన్ను హమాలీలందరి మీదా మేస్త్రీని చేశారు. అంటువ్యాధిలా ఈ శ్రమని తోటివారికి వ్యాపింపజేస్తే, ఏడాది తిరిగేసరికి ఉద్యోగం పర్మనెంటు చేస్తామని మైకులో చెప్పారు. ఆ మాట వినగానే పాపాయమ్మ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. పర్మనెంటు అంటే మాకు ఆస్పత్రి కార్డు వస్తుంది. నా మందులకి బంగారు గాజులు అమ్మేసి, ఇన్నాళ్ళూ ఆమె మట్టిగాజులతో సరిపెట్టుకుంది.

చెమట లేని సోమరి కాబట్టి లోవరాజుని పని నుంచి తప్పించి, నా మూడు కాళ్ళ కుర్చీలో కూర్చోబెట్టారు. అంటే బస్తాలు మోయగలిగేవాడు కూర్చున్నాడు, మెట్టు ఎక్కితే ఆయాసపడేవాడు బస్తాలకి మేస్త్రీ అయ్యాడు. సంస్థలో ఇది తప్పని ఎవరికీ తోచలేదు. ఏసీ గదుల్లో ఎప్పటినుంచో జరుగుతున్న పద్ధతే కదా.

"ఏం బావా, మేస్త్రీ గారూ! బస్తా ఏ పక్క నుంచి ఎత్తాలో మాకూ చెప్పండి," అని లోవరాజు కుర్చీలోంచి వెటకారం చేశాడు.

"నా కుర్చీ జాగ్రత్త. ఎడమ వెనక కాలు మీద బరువెయ్యకు," అన్నాను.

ఆ తర్వాతి వారం పెద్దాస్పత్రికి వెళ్తే నళిని గారు ఎక్సరే దీపం మీద పెట్టి చాలాసేపు చూశారు. ఆవిడ మెత్తగా మాట్లాడే రకం కాదు.

"ఊపిరితిత్తులు కుదుటపడ్డాయి. ఎముకలు మాత్రం గుల్లబారుతున్నాయి, షుగరు కూడా వచ్చింది. ఇక మాత్రలు తగ్గించాలి. ఒక్కసారిగా ఆపకూడదు. మెల్లమెల్లగా, నేను చెప్పినట్టు. రెండు నెలల్లో చెమట కూడా తగ్గిపోతుంది."

"తగ్గకుండా తగ్గించే దారి లేదాండీ?"

"ఏమిటి?"

"మాత్రలు తగ్గి, చెమట ఉండేట్టు."

ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "పోతురాజూ, ఈ చెమట పట్టినవాళ్ళు నా కాళ్ళు పట్టుకుంటారు, ఎలాగైనా ఆపమని. నువ్వొక్కడివే ఉంచమంటున్నావు. బరువులేమీ ఎత్తకు. ఇంకా ఇలాగే మింగితే తుమ్మినా వెన్నుపూస విరుగుతుంది. తెలిసిందా?"

తెలిసింది. ఇంటికొచ్చి పాపాయమ్మకి చెప్పాను. ఆమె పక్క మీద పాత పేపర్లు పరుస్తూ అంతా వింది. తర్వాత, "తగ్గించెయ్యి. కార్డు లేకపోతే పోయింది. నీ వీపు మీద రాశిఫలాలు చదవలేక చస్తన్నాను," అంది.

పొద్దున్నే పేర్రాజు గారి గదిలోకి వెళ్ళి డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"డాక్టరమ్మ గారు ఒక్క రోగిని మాత్రమే చూస్తారు పోతురాజూ. మేము సంస్థని చూస్తాం. నీ చెమట ఇప్పుడు నీ సొంత వ్యవహారం కాదు. అది మా వార్షిక లక్ష్యంలో ఉంది."

"నా ఎముకలండీ?"

"అవి లక్ష్యంలో లేవు."

రెండు రోజులకి కొత్త ఉత్తర్వు వచ్చింది. "ముందస్తు అనుమతి లేకుండా మాత్రల మోతాదు తగ్గించుట శ్రమను ఎగవేయుటగా పరిగణించబడును." ఊపిరితిత్తులు చెడినప్పుడు నా రోగానికీ సంస్థకీ సంబంధం లేదన్నారు. రోగం తగ్గబోతుంటే సంబంధం ఉందంటున్నారు. నేను పాపాయమ్మతో ఇక ఏమీ చెప్పకుండా, మాత్రలు ఎప్పటిలాగే మింగాను. ఒక్క ఏడాదే కదా, పర్మనెంటు అయ్యాక తగ్గిద్దాంలే అనుకున్నాను.

కథ అక్కడితో ఆగితే నా ఒక్కడి వీపుతో పోయేది. చిద్విలాస్ గారు ఆగే మనిషి కాదు. ఒక్క మనిషికి మాత్ర వేస్తే ఇంత పని జరిగింది కదా, అందరికీ వేస్తే ఎంత జరగాలి అని ఆయన లెక్క. పథకానికి 'స్వేద సంకల్పం' అని పేరు పెట్టారు. గోడల మీద చెమట బొట్టు బొమ్మ గీయించారు. బొట్టుకి రెండు కళ్ళూ ఒక చిరునవ్వూ పెట్టారు. మాత్రలు రాయమని పెద్దాస్పత్రికి రాస్తే, నళిని గారు ఆ కాగితం మీదే "ఇది నేరం" అని రాసి తిప్పి పంపారు. దాంతో సంస్థ వేరే ఏర్పాటు చేసుకుంది. పురుగులమందు సరఫరా చేసే కాంట్రాక్టరే మాత్రలూ సరఫరా చేశాడు. రెండూ ఒకే లారీలో దిగాయి. ఏ డబ్బా ఏదో చూసుకుని దించమని మేస్త్రీ హోదాలో నేనే చెప్పాను.

పొద్దున తువ్వాలూ మాత్రా కలిపి ఇచ్చేవారు. మింగేదాకా ఎదురుగా నిలబడేవారు. నెల తిరిగేసరికి ముఠాలో అందరికీ నా ముఖమే వచ్చింది. గుండ్రంగా, నున్నగా, ఒకే అచ్చులో పోసినట్టు. జీతాలిచ్చే గుమాస్తా ఎవరు ఎవరో తెలియక అవస్థపడ్డాడు. హమాలీలు ఇళ్ళకెళ్తే పసిపిల్లలు జడుసుకున్నారు. ఆకలి తట్టుకోలేక మధ్యాహ్నం క్యారేజీలు పదింటికే ఖాళీ చేసేవారు. పథకం విజయోత్సవానికి అందరినీ వరసగా నిలబెట్టి ఫొటో తీశారు. ఆ ఫొటో చూసి చిద్విలాస్ గారు, "కార్మికుల పోషణ స్థాయి కూడా మెరుగుపడింది. ఇది మనం అనుకోని లాభం," అన్నారు.

బస్తాలు మాత్రం కదలడం మానేశాయి. ఎవరి తప్పూ కాదది. బస్తా మోయడానికి ఆరుబయటికి వెళ్తే ఎండా గాలీ తగిలి తువ్వాలు ఆరిపోతుంది. అందుకని అందరం రేకుల గిడ్డంగిలో కూర్చుని, తలుపులు బిగించి, ఫ్యాన్లు విప్పించి, పొద్దస్తమానం కదలకుండా పని చేశాం. ఎవరైనా గాలి కోసం కిటికీ తీస్తే, "ఎవడ్రా అది, శ్రమ చెడగొట్టేది!" అని తక్కినవాళ్ళు అరిచేవారు. బయట రోడ్డు పొడుగునా ధాన్యం లారీలు ఆగిపోయాయి. డ్రైవర్లే విసిగిపోయి బస్తాలు యార్డులో పడేసి పోయారు. లోవరాజు ఒక్కడే గేటు దగ్గర పొడిగా కూర్చుని వాటిని లెక్కపెట్టుకునేవాడు.

అప్పుడు సముద్రంలో వాయుగుండం పట్టింది.

మధ్యాహ్నం ఆకాశం కాటుక పూసినట్టయింది. లోవరాజు గిడ్డంగి తలుపు దబదబా బాదాడు.

"ఒరేయ్! వానొత్తంది! యార్డు నిండా బస్తాలున్నాయి, టార్పాలిన్లు కప్పాలి, రండ్రా!"

లోపల అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అన్నీ ఒకే ముఖాలు కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. నేను పేర్రాజు గారి గదికి పరుగెత్తాను. ఆయన ఏసీలో శాలువా కప్పుకుని ఉన్నారు.

"టార్పాలిన్లు కప్పడం ఏ తరహా శ్రమ?" అన్నారు.

"వాన పనండి!"

"వానలో తువ్వాళ్ళు తడుస్తాయి. చెమటేదో వాన ఏదో తేలదు. పై అధికారులను స్పష్టత అడగాలి. అడుగుతాను. నువ్వు అక్కడ పని ఆపించకు."

స్పష్టత వచ్చేలోగా వాన వచ్చింది. వెనక్కి వచ్చి చూస్తే, లోవరాజు ఒంటరిగా ఒక టార్పాలిన్ కొస పట్టుకుని గాలితో కలబడుతున్నాడు. గాలి వాణ్ణీ టార్పాలిన్‌నీ కలిపి ఎత్తుకుపోయేలా ఉంది. ఆ బస్తాలు రైతులవి. ఒక్కోదాని మీద ఒక్కొక్కరి పేరు ఎర్ర సిరాతో రాసి ఉంది, వాన తగిలి పేర్లు కారిపోతున్నాయి.

"బావా, నువ్వు రాకు! నీ ఒంటికి పడదు!" అని అరిచాడు.

వెళ్ళాను. నా వెనక తక్కినవాళ్ళు కూడా వచ్చారు. ముందు వరస బస్తా ఒకటి నీళ్ళలోకి జారుతుంటే, పాత అలవాటు కొద్దీ వంగి భుజానికెత్తబోయాను. వెన్నులో ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడయింది. నొప్పి కంటే ముందు ఆ చప్పుడే వినబడింది. బస్తా మీదే కూలబడ్డాను. డాక్టరమ్మ తుమ్మితే విరుగుతుందంది. నయం, నేను కనీసం బస్తా ఎత్తాను.

యార్డులో సగం ధాన్యం నాని, నాలుగు రోజుల్లో మొలకెత్తింది. వాన పడ్డ ఆ సాయంత్రం కూడా తువ్వాళ్ళు తూచారు. రోజూ తూచాలన్నది ఉత్తర్వు. వానలో తడిసిన తువ్వాళ్ళు కదా, కాటా గాజుపెట్టె నిండిపోయింది. సంస్థ పుట్టాక ఒక్కరోజులో అంత పని ఎన్నడూ జరగలేదని లెక్క తేలింది. చిద్విలాస్ గారికి ఉత్తమ నిర్వహణ పతకం వచ్చింది. మొలకెత్తిన ధాన్యం గురించి ఎవరో అడిగితే, "బస్తాలను కొలమానంగా వాడటం మేము ఎప్పుడో మానేశాం," అన్నారట.

నన్ను పెద్దాస్పత్రిలో మూడో అంతస్తులో పడుకోబెట్టారు. నళిని గారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తువ్వాళ్ళ సంగతి పాపాయమ్మ నోట విని, ఆ కాంట్రాక్టరు మాత్రలు మింగిన హమాలీలందరినీ వరసగా పిలిపించి పరీక్షలు చేస్తున్నారని లోవరాజు చెప్పాడు. నా మాత్రలు కొంచెం కొంచెంగా కోసుకుంటూ వచ్చారు. చెమట ఒక్కో దిండు గలీబు చొప్పున వెనక్కి తగ్గింది. ఒక పొద్దున్న పాపాయమ్మ నన్ను పక్కకి ఒత్తిగిలించి, దుప్పటి తడిమి చూసి, "పొడిగా ఉందయ్యోయ్," అని పక్క మంచం వాళ్ళందరికీ వినబడేలా అంది.

ఆ రోజే పేర్రాజు గారు వచ్చారు.

ఆస్పత్రి లిఫ్టు పనిచేయదు, కరెంటు కూడా పోయి ఉంది. మూడంతస్తులు ఎక్కి వచ్చి ఆయన నా మంచం కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. నోట మాట రావడం లేదు. ముఖం ఎర్రబడి, నుదుటి మీంచి చెమట ముక్కు కొసకి జారి, అక్కడ వేలాడి, చేతిలోని కాగితం మీద టపటపా పడుతోంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇన్నేళ్ళలో ఆయన చెమట నేను చూడటం అదే మొదలు. లోపలికి పడేదంతా దారి తప్పి బయటికి వచ్చినట్టుంది.

"కూర్చోండి బాబుగారూ," అని పాపాయమ్మ స్టూలు జరిపింది.

"పోతురాజూ... ఏమీ అనుకోకు... పై నుంచి వచ్చింది," అని కాగితం చదివారు. "అనుమతి లేకుండా మోతాదు తగ్గించుకొని, తద్ద్వారా చెమటను నిలుపుదల చేసినందున, మీ సేవలు ఇంతటితో చాలించడమైనది. సంస్థకు చెందిన తువ్వాలును తక్షణము వాపసు చేయవలెను."

పాపాయమ్మ నన్ను చూసింది. ఆమె ఏడవలేదు. మంచం కింద సంచిలోంచి ఆ తువ్వాలు తీసింది. ఉతికి, ఆరేసి, మడత పెట్టి ఉంచింది. నా చేతికిచ్చింది.

నేను దాన్ని పేర్రాజు గారికి అందించాను.

"ముందు ముఖం తుడుచుకోండి సార్."

ఆయన కాదనలేకపోయారు. నుదురు తుడుచుకున్నారు, మెడ తుడుచుకున్నారు, చొక్కా గుండీ విప్పి లోపల కూడా తుడుచుకున్నారు. తువ్వాలు తడిసి బరువెక్కి ఆయన చేతిలోంచి కిందికి వేలాడింది.

"ఆరనివ్వకుండా పట్టుకెళ్ళి తూయించుకోండి. ఈ పని చేసింది మీరే అని రాయించుకోవడం మర్చిపోకండి," అన్నాను.